పార్టికల్ ఫిజిక్స్ సమ్మర్ స్కూల్‌కి మా అమ్మాయిని పంపమంటారా?

మీ ప్రశ్నని మిగతావాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెప్తాను. అమ్మాయి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. కణభౌతికమంటే ప్రాణం. యూరప్‌లో రెండు వారాల ‘ఇంటర్నేషనల్ పార్టికల్ ఫిజిక్స్ సమ్మర్ స్కూల్’ ఉందని, రెండున్నర లక్షలు కడితే సీటు, సర్టిఫికెట్, సెర్న్ (జెనీవా దగ్గరున్న పెద్ద కణభౌతిక ప్రయోగశాల) సందర్శన అన్నీ చూసుకుంటామని ఒక కన్సల్టెన్సీవాళ్లు చెప్పారు. పంపాలా? పంపితే ఏమొస్తుంది? ఒక్కతే వెళ్లగలదా?

ఆ డబ్బు మాత్రం కట్టకండి. వాళ్లు మోసగాళ్లని నేననడం లేదు, తీసుకెళ్లి చూపించి క్షేమంగా తీసుకొస్తారేమో. కాకపోతే దాన్ని విహారయాత్ర అంటారు. సెర్న్ చూడ్డానికి ఎవరికీ టికెట్టు లేదు. 2023లో తెరిచిన సైన్స్ గేట్‌వే ప్రదర్శనశాలకి కూడా ప్రవేశం ఉచితమే. ఈ రంగంలో పేరున్న ఏ స్కూలూ డబ్బు కట్టగలిగారని సీటివ్వదు. దరఖాస్తు పెట్టాలి, సిఫారసు ఉత్తరాలు రావాలి, ఎంపిక కావాలి. ఎంపికయ్యాక కొన్నిచోట్ల బసకీ భోజనానికీ కొంత ఫీజు ఉంటుంది, దాన్ని కూడా చాలామందికి వాళ్ల సంస్థే కడుతుంది. మనలాంటి దేశాల నుంచి వచ్చేవాళ్లకి నిర్వాహకులే సాయం చేసే సందర్భాలూ ఉన్నాయి. అంచేత ముందు డబ్బు మాటెత్తి తర్వాత చదువు మాటెత్తిన చోట తలుపు వేసెయ్యండి.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. ప్రయోగ కణభౌతికం నా వృత్తి. పీహెచ్‌డీ ఇండియాలోనే చేశాను, తర్వాత కొన్నేళ్లు జెనీవాలో పనిచేశాను. ఇలాంటి స్కూళ్లకి విద్యార్థిగా వెళ్లాను, తర్వాత సాయంత్రం చర్చలు నడిపించేవాడిగానూ వెళ్లాను. దరఖాస్తుల కట్టలు చదివే పనీ మీద పడింది.

మనవాళ్లు ‘సమ్మర్ స్కూల్’ అన్న పేరుతో రెండు వేరువేరు సంగతుల్ని కలిపేస్తుంటారు. వాటిని ముందు విడదీయాలి.

మొదటిది సమ్మర్ స్టూడెంట్ ప్రోగ్రామ్. సెర్న్‌లో ఇది 1962లో, విక్టర్ వైస్‌కాఫ్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో మొదలైంది. డిగ్రీ, ఎమ్మెస్సీ విద్యార్థుల కోసం. కనీసం మూడేళ్ల విశ్వవిద్యాలయ చదువు పూర్తయి ఉండాలి, పీహెచ్‌డీలో చేరినవాళ్లు పనికిరారు. రెండు మూడు నెలలు అక్కడే ఉంటారు. జులైలో వరసగా ఉపన్యాసాలు ఉంటాయి, మిగతా సమయమంతా ఏదో ఒక ప్రయోగ బృందంలో ఒక పరిశోధకుడి చేతికింద నిజమైన పని. ఖర్చులకి భత్యం వాళ్లే ఇస్తారు. జర్మనీలోని హాంబర్గ్‌లో డెసీ అనే ప్రయోగశాల కూడా ఇలాంటిదే నడుపుతుంది, దానికి ప్రపంచంలో ఎక్కడివాళ్లైనా పెట్టుకోవచ్చు.

రెండోది అసలు సిసలు స్కూలు. రెండు వారాలు, వంద మంది దాకా విద్యార్థులు, దాదాపు అందరూ పీహెచ్‌డీ మధ్యలోనో చివర్లోనో ఉన్నవాళ్లు. యూరోపియన్ స్కూల్ ఆఫ్ హై ఎనర్జీ ఫిజిక్స్ అలాంటిది. మన వైపు ఆసియా–యూరప్–పసిఫిక్ స్కూల్ ఉంది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ అనే ప్రయోగశాల, సెర్న్ కలిసి 2006 నుంచి ఒక ఏడాది అమెరికాలో, మరో ఏడాది జెనీవాలో నడిపే హాడ్రాన్ కొలైడర్ స్కూల్ ఉంది. థియరీవాళ్లయితే కొలరాడోలోని బౌల్డర్‌లో జూన్ నెలంతా జరిగే టాసీకి వెళ్తారు, లేదా ఫ్రెంచ్ ఆల్ప్స్ కొండల్లో 1951లో సెసిల్ డెవిట్-మొరెట్ పెట్టిన లెజూష్‌కి వెళ్తారు.

మీ అమ్మాయికి ఇప్పుడు కావలసింది మొదటి రకం. రెండో రకం నాలుగైదేళ్ల తర్వాతి మాట. తొందరపడి ముందే వెళ్తే ఏమవుతుందో చూశాను. కణభౌతికానికి పునాది సిద్ధాంతమైన క్వాంటం ఫీల్డ్ థియరీ ఒక సెమిస్టరైనా చదవని విద్యార్థి మొదటి రోజు రెండో గంటకల్లా దారి తప్పుతాడు. మర్యాద కొద్దీ పద్నాలుగు రోజులూ నోట్సు రాసుకుంటూ కూర్చుంటాడు. తిరిగొచ్చాక ఆ నోట్సు తెరవడు. పాపం తెలివితక్కువ కాదు, వేళ కాని వేళ వెళ్లాడంతే.

ఇక ‘పంపితే ఏమొస్తుంది’ అన్నారు. నా జవాబు చాలామందికి వింతగా ఉంటుంది: ఉపన్యాసాల కోసమైతే వెళ్లక్కర్లేదు. సెర్న్ వేసవి ఉపన్యాసాల వీడియోలూ స్లైడ్లూ అన్నీ ఇంటర్నెట్లో ఉచితంగా ఉన్నాయి. యూరోపియన్, ఆసియా స్కూళ్ల పాఠాలు సెర్న్ ఎల్లో రిపోర్ట్‌లుగా అచ్చయి ఎవరైనా దింపుకునేలా పెట్టారు. 2014లో పూరీలో జరిగిన స్కూలు పాఠాలు అమ్మాయి ఈ రాత్రే చదవడం మొదలుపెట్టొచ్చు. మరి వంద మందిని ఒకచోటికి చేర్చి, తిండి పెట్టి, రెండు వారాలు కూర్చోబెట్టడం దేనికి?

అది తెలియాలంటే ఈ రంగంలో పని ఎలా సాగుతుందో తెలియాలి. 2015లో సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్ అనే రెండు ప్రయోగాలు కలిసి హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద ఒక పేపరు ప్రచురించాయి. దాని రచయితలు 5,154 మంది. 33 పేజీల పేపర్లో 24 పేజీలు పేర్లూ సంస్థలే. ఆ పేర్లలో వందలాది మంది పీహెచ్‌డీ విద్యార్థులు. ఒక్కొక్కరూ చేసేది ఎంత? ఒకడు మూడేళ్లు ఒక డిటెక్టర్ భాగం క్రమాంకనం చేస్తాడు. ఇంకొకామె ఒకే ఒక్క బ్యాక్‌గ్రౌండ్ ప్రక్రియని (వెతుకుతున్నదానిలాగే కనబడి మోసం చేసేదాన్ని) అంచనా కడుతుంది. పెళ్లివారి వంటశాలలో పొద్దుణ్నుంచీ ఉల్లిపాయలు తరుగుతున్న మనిషికి విస్తట్లో ఏమేం వడ్డిస్తున్నారో తెలియనట్టే, పేపర్ మీద పేరున్న విద్యార్థికి ఆ పేపర్లో సగం అర్థం కాదు. ఇది నేను ఎగతాళికి అనడం లేదు, ఈ రంగంలో మాకు నిజంగా ఉన్న జబ్బు. ఈ స్కూళ్లు పుట్టింది దాని మందుగానే. ప్రయోగం చేసేవాడికి సిద్ధాంతం మొత్తం ఒకసారి చూపించాలి, సిద్ధాంతం చేసేవాడికి డిటెక్టర్ అంటే ఏమిటో తెలియాలి.

మొదట్నుంచీ ఇదే ఉద్దేశం. 1962లో స్విట్జర్లాండ్‌లోని సాన్-సెర్గ్ ఊళ్లో సెర్న్ తొలి స్కూలు పెట్టినప్పుడు వచ్చినవాళ్లు ఎమల్షన్‌వాళ్లు. ఎమల్షన్ అంటే ఫోటో ఫిల్ము మీద పూసేదాని లాంటి మందపాటి పూత, కణం అందులోంచి దూసుకుపోతే గీత పడుతుంది, ఆ గీతల్ని మైక్రోస్కోపు కింద రోజుల తరబడి కొలవాలి. కొలవడంలో ఆరితేరినవాళ్లే, వాళ్లకి కొత్త సిద్ధాంతం కావాల్సొచ్చింది. 1970లో సోవియట్ వైపున్న దుబ్నా సంస్థతో కలిసి ఫిన్లాండ్‌లో ఉమ్మడి స్కూలు పెట్టారు. అది ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న కాలం. మాస్కో వైపు విద్యార్థి, పారిస్ వైపు విద్యార్థి ఒకే బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకోగలిగే చోట్లు అప్పుడు ప్రపంచంలో ఎన్నో లేవు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. గదికి ఇద్దరు చొప్పున పెట్టేటప్పుడు ఒకే దేశంవాళ్లని కలపకుండా చూస్తారు. మనవాళ్లకి మొదట్లో ఇది ఇబ్బందే. హైదరాబాదీ హైదరాబాదీని వెతుక్కుంటాడు కదా! రెండో వారానికి అదే మేలని తెలుస్తుంది.

ఆ ఉమ్మడి స్కూలే 1993 నుంచి యూరోపియన్ స్కూలయింది. 2001లో బ్రెజిల్‌లో లాటిన్ అమెరికా స్కూలు మొదలైంది. ఆసియా స్కూలు 2012లో జపాన్‌లోని ఫుకువోకాలో మొదలై, రెండోసారికే పూరీకి వచ్చింది. పూరీలో జరిగింది నవంబరులో. ‘సమ్మర్’ అన్నది పేరుకే అని గమనించగలరు. తర్వాత బీజింగ్, వియత్నాంలోని క్వీన్యోన్, ఇలా తిరుగుతోంది. మళ్లీ మన దేశానికి ఎప్పుడొస్తుందో కనిపెట్టుకుని ఉండటం మంచిది. ఇచ్ఛాపురం దాటితే చేరిపోయే దూరంలో ఒకసారి జరిగిన స్కూలు అది.

ఇప్పుడు ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. పొద్దున మూడు ఉపన్యాసాలు. మధ్యాహ్నం కాస్త విరామం. సాయంత్రం భోజనానికి ముందు డిస్కషన్ సెషన్. వంద మందినీ ఐదారు బృందాలుగా చేసి, ఒక్కో బృందానికి ఒక యువ సిద్ధాంత శాస్త్రవేత్తనో నాలాంటివాణ్నో కూర్చోబెడతారు. అక్కడ పాఠం చెప్పరు. పొద్దున విన్నదాంట్లో ఏం అర్థం కాలేదో విద్యార్థులే అడగాలి, వీలైతే విద్యార్థులే చెప్పాలి. స్కూలు నిజానికి ఆ గదిలోనే ఉంది. డబ్బు తీసుకునే యాత్రల్లో లేనిదీ, వీడియోల్లో దొరకనిదీ అదే.

ఒక ఉదాహరణ. మన దేశం నుంచే వచ్చిన ఒక అమ్మాయి నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఐదో రోజు ఎవరో ‘ద్రవ్యరాశి అంతా హిగ్స్ వల్లే వస్తుంది’ అని మామూలుగా అనేశారు. ఆ అమ్మాయి మెల్లగా, ‘ప్రోటాన్ 938 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం) కదా, లోపలి మూడు క్వార్కులవీ కలిపితే పది కూడా లేవు, మిగతాది హిగ్స్ ఇచ్చిందా?’ అంది. గది నిశ్శబ్దం. సిద్ధాంతంవాళ్లిద్దరు ఒకేసారి లేచారు. క్వార్కుల్ని కట్టి ఉంచే బలమైన బంధానికున్న శక్తే ప్రోటాన్ ద్రవ్యరాశిలో సింహభాగమని ఒకరు, అయితే ఆ శక్తి పరిమాణాన్ని ఏది నిర్ణయిస్తుందని ఇంకొకరు. ఆ వాదన భోజనాల బల్ల దాకా పాకి, రాత్రి పదింటికి కూడా తేలలేదు. మన పేపర్లలో ‘దైవకణం అన్నిటికీ బరువు ఇస్తుంది’ అని చదివి పెరిగిన పిల్లలు ఆ రాత్రి తెలుసుకున్నది ఏ పరీక్షకీ రాదు. ఆ తర్వాత ఆ అమ్మాయిని ఆపడం మాకు కష్టమైంది, అది వేరే సంగతి.

మన విద్యార్థుల గురించి ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. లెక్క చేయమంటే మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. అడగమంటే మాత్రం తల దించుకుంటారు. ఇంటర్ కాలేజీలో ‘డౌట్లు తర్వాత’ అని నోరు మూయించిన చదువు అది. పెద్దాయన చెబుతుంటే మధ్యలో అడగడం అమర్యాద అన్న పెంపకం ఒకటి దానికి తోడు. అక్కడ ఇటలీ కుర్రాడు తెలిసీ తెలియని ప్రశ్న ధైర్యంగా అడిగేస్తాడు, మనవాడు తెలిసిన ప్రశ్న కూడా మింగేస్తాడు. రెండు వారాల్లో మారే అలవాటు కాకపోయినా, మొదటి పగులు పడేది అక్కడే. నా లెక్కలో ఈ స్కూళ్ల విలువలో ముప్పాతిక వంతు ఇదే.

ప్రశ్న అడగడం వల్ల ఏమవుతుందన్నదానికి చరిత్రలో గట్టి సాక్ష్యమే ఉంది. 1970లో కోర్సికా దీవిలోని కార్గేజ్ సమ్మర్ స్కూల్‌కి హేరార్ట్ ఎట్ హూఫ్ట్ అనే డచ్ విద్యార్థి వెళ్లాడు. అక్కడ బెంజమిన్ లీ, కర్ట్ సిమాంజిక్ ఇద్దరూ సౌష్ఠవం దానంతటదే భగ్నమయ్యే ఒక నమూనాలో లెక్కల్లో వచ్చిపడే అనంతాల్ని ఎలా వదిలించుకోవాలో చెబుతున్నారు. ఇదే పద్ధతి కణాల మధ్య బలాల్ని వివరించే యాంగ్–మిల్స్ సిద్ధాంతాలకీ పనిచేస్తుందా అని ఆ కుర్రాడు అడిగాడు. ఇద్దరూ ఒకే జవాబు చెప్పారు: నువ్వు వెల్ట్‌మన్ శిష్యుడివి కదా, ఆయన్నే అడుగు. ఇంటికెళ్లి అదే పట్టుకున్నాడు. మరుసటి ఏడాదికల్లా పని తేలింది. విద్యుత్ అయస్కాంత బలం, బలహీన బలం కలిసిన సిద్ధాంతంతో నమ్మకంగా లెక్కలు కట్టడం అప్పట్నుంచే సాధ్యమైంది. 1999లో గురువుకీ శిష్యుడికీ కలిపి నోబెల్ వచ్చింది. అందరూ ఎట్ హూఫ్ట్‌లు కారు, ఆ మాట నాకూ తెలుసు. కానీ గమనించండి, ఉపన్యాసకులకి జవాబు తెలియదు. తెలియదని చెప్పి, ఎవర్ని అడగాలో చెప్పారు. స్కూల్లో జరగాల్సింది అదే.

ఇంకొక పాఠం కూడా అక్కడే బాగా ఎక్కుతుంది, గణాంకాలది. 2015 డిసెంబరులో అట్లాస్, సీఎంఎస్ రెండూ రెండేసి ఫోటాన్లు (కాంతి కణాలు) పుట్టిన ఘటనల డేటాలో 750 జీఈవీ (వెయ్యి ఎంఈవీలు ఒక జీఈవీ) దగ్గర చిన్న గుట్ట చూపించాయి. కొత్త కణమేమోనని ప్రపంచమంతా ఊగిపోయింది, కొన్ని నెలల్లో వందల కొద్దీ సిద్ధాంత పేపర్లు వచ్చాయి. 2016 ఆగస్టులో చికాగో సమావేశానికి డేటా పెరిగేసరికి గుట్ట మాయం. మా రంగంలో ఐదు సిగ్మా దాటితే తప్ప ‘కనుక్కున్నాం’ అనరు. అంటే యాదృచ్ఛికంగా అలా కనబడే అవకాశం 35 లక్షల్లో ఒకటి మాత్రమే ఉండాలి. అంత పట్టుదల ఎందుకని విద్యార్థులు విసుక్కుంటారు. ఈ 750 కథ పెట్టి, ‘మీరైతే ఆ డిసెంబరులో ఏం రాసేవాళ్లు?’ అని బృందాన్ని అడిగితే గంటన్నర ఇట్టే గడిచిపోతుంది. వెయ్యి చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట గుట్ట కనబడటం సహజమేనని వాళ్లంతట వాళ్లే తేల్చుకుంటారు.

చివరి రోజుల్లో ఒక ప్రాజెక్టు ఉంటుంది. ప్రతి బృందానికీ ఈ మధ్య అచ్చయిన ఒక విశ్లేషణ పేపరు ఇస్తారు. దాన్ని వాళ్లు చీల్చి చెండాడి, తమలో ఒకర్ని ఎంచుకుని, పది నిమిషాల్లో అందరి ముందూ చెప్పాలి. రాత్రుళ్లు మేలుకుంటారు, పోట్లాడుకుంటారు. బహుశా జీవితంలో మొదటిసారి ఒక పేపర్ని మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదువుతారు.

ఒక్క సంగతి మరచిపోకూడదు. ఈ స్కూళ్లు ఉన్నది ఒంటరితనానికి మందుగా కూడా. పాకిస్తానీ భౌతికశాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ కేంబ్రిడ్జిలో వెలిగి 1951లో లాహోర్‌కి తిరిగొచ్చాడు. మాట్లాడటానికి తోటి పరిశోధకుడు లేడు, పత్రికలు లేవు. మూడేళ్లకే మళ్లీ ఇంగ్లండ్ వెళ్లిపోవాల్సొచ్చింది. దేశమా, భౌతికశాస్త్రమా అని ఎంచుకోవాల్సిన గతి ఇంకెవరికీ పట్టకూడదని 1964లో ఇటలీలోని ట్రియెస్టెలో ఐసీటీపీ అనే అంతర్జాతీయ సిద్ధాంత భౌతికశాస్త్ర కేంద్రం పెట్టించాడు. నోబెల్ ఆయనకి 1979లో వచ్చింది, నా దృష్టిలో ఐసీటీపీ దానికి ఏమాత్రం తక్కువ కాదు. ఇప్పటికీ అక్కడి స్కూళ్లకి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, మనలాంటి దేశాలవాళ్లకి ఖర్చుల సాయం కూడా అడగొచ్చు. అమ్మాయి పీహెచ్‌డీలో చేరాక దాని మీద కన్నేసి ఉంచమనండి.

మన వైపూ అలాంటి కథ ఉంది. రాజ్యాంగ రచనా సంఘంలో సభ్యుడైన నెల్లూరు జిల్లా అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి కొడుకు అల్లాడి రామకృష్ణన్, మద్రాసు మైలాపూర్‌లోని తమ ఇంట్లోనే థియరెటికల్ ఫిజిక్స్ సెమినార్ నడిపాడు. విదేశీ శాస్త్రవేత్తలు మద్రాసు మీదుగా వెళ్తుంటే ఇంటికి పిలిచి ఉపన్యాసాలు ఇప్పించేవాడు. 1960లో నీల్స్ బోర్ అది చూసి మెచ్చుకుని బయట చెప్పాడు, ఆ మాట నెహ్రూ దాకా వెళ్లింది. 1962 జనవరిలో మాట్‌సైన్స్ పుట్టింది, నేటి గణితశాస్త్రాల సంస్థ అదే. మేడమీద గదిలో నడిచినా స్కూలు స్కూలే.

అందుకే అమ్మాయి మొదటి స్కూలు ఇక్కడే అవ్వాలని నా సలహా. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నోవా ప్రయోగం బృందం ఉంది. ఫెర్మీల్యాబ్ నుంచి 810 కిలోమీటర్ల దూరంలో మిన్నెసోటాలో ఉన్న డిటెక్టర్‌కి న్యూట్రినోలనే కణాల్ని పంపే ప్రయోగం అది. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో జపాన్ బెల్–2 ప్రయోగంలో పనిచేసేవాళ్లున్నారు. ఆర్టీసీ బస్సెక్కి వెళ్లగలిగిన చోటికి ఈమెయిల్ రాయకుండా జెనీవాకి రాయడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఉన్నవాళ్లకి సరిగ్గా సరిపోయేవి రెండున్నాయి. మూడు సైన్స్ అకాడమీలు కలిపి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఒకటి, ముంబయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) నడిపే వీఎస్ఆర్పీ అనే వేసవి పరిశోధన కార్యక్రమం రెండోది. రెండూ రెండు నెలల లెక్కన ఉంటాయి, రెండిట్లోనూ భత్యం ఇస్తారు. అకాడమీల దరఖాస్తులు శరదృతువులో, టీఐఎఫ్ఆర్‌వీ సెర్న్‌వీ డెసీవీ సాధారణంగా జనవరి చివరి దాకా. అంటే వేసవి కోసం దసరా నుంచే కూర్చోవాలి, మార్చిలో గుర్తొస్తే అప్పటికే రైలు వెళ్లిపోయి ఉంటుంది. పీహెచ్‌డీలో చేరిన తొలి ఏడాదుల్లో సెర్క్ స్కూళ్లు ఉంటాయి. డబ్బిచ్చే సంస్థ పేరు ఎన్నిసార్లు మారినా అందరూ పాత పేరుతోనే పిలుస్తారు. ఏటా వేరే ఊళ్లో జరుగుతాయి, పొద్దున్నించి రాత్రి దాకా ట్యుటోరియల్స్‌లో లెక్కలు చేయిస్తారు. మన దేశంలో ఈ రంగంలో ఉన్న సగం మందికి తొలి పరిచయాలు అక్కడివే. నన్నడిగితే చాలా విదేశీ స్కూళ్లకంటే అవే గట్టివి.

దరఖాస్తు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మన పిల్లలు ఇక్కడే ఓడిపోతున్నారు. మార్కులు అందరికీ ఉంటాయి. తేడా వచ్చేది ఉత్తరాల్లో. ‘ఈ విద్యార్థిని క్రమశిక్షణ గలది, వినయవంతురాలు, తరగతికి క్రమం తప్పక వస్తుంది’ అని లెటర్‌హెడ్ మీద హెచ్ఓడీ గారి సంతకంతో వస్తుంది. చదివేవాడికి దాంతో ఏ ఉపయోగమూ లేదు. అదే లెక్చరర్ గారు, ‘జీఎం కౌంటర్ ప్రయోగంలో బ్యాక్‌గ్రౌండ్ లెక్క తేడా వస్తే మిగతావాళ్లు రికార్డులో సరిచేసి రాసుకున్నారు, ఈ అమ్మాయి రెండు సాయంత్రాలు కూర్చుని కారణం పట్టుకుంది’ అని రెండు వాక్యాలు రాస్తే చాలు, ఆ దరఖాస్తు పక్కకి తీసి పెడతాం. పదవి చిన్నదైనా సరే, అమ్మాయి పని కళ్లారా చూసినవాళ్ల చేత రాయించండి. ఉత్తరం రాసేవాళ్లకి నెల ముందు చెప్పాలి. గడువు రేపనగా వెళ్లి నిలబడితే వచ్చేది ఆ వినయవంతురాలి ఉత్తరమే.

ఇక ‘ఎందుకు రావాలనుకుంటున్నావు’ అన్న పేజీ. ‘చిన్నప్పుడు నక్షత్రాలు చూసి ఆశ్చర్యపోయాను’తో మొదలైనవి లెక్కలేనన్ని చదివాను. నక్షత్రాలు అందరమూ చూశాం. చేసిన పని రాయమనండి. చేసింది ఏమీ లేదంటే ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు. సీఎంఎస్ ప్రయోగం 2014 నుంచి తన డేటాని అందరికీ తెరిచింది. సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో రెండు మ్యూయాన్ల (ఎలక్ట్రాన్‌కి బరువైన బంధువు లాంటి కణాలు) ఘటనలతో చిన్న ఫైళ్లు ఉన్నాయి, మామూలు ల్యాప్‌టాప్ చాలు. పైథాన్‌లో ఆ జంటల ఇన్వేరియంట్ మాస్ (జంట ఒకే కణం నుంచి పుట్టి ఉంటే ఆ కణం ద్రవ్యరాశి) లెక్కగట్టి హిస్టోగ్రామ్ గీస్తే, 3.1 జీఈవీ దగ్గర శిఖరంలాంటి ఒక కొన వస్తుంది. 1974లో అమెరికాలో రెండు చోట్ల ఒకేసారి దొరికిన జే/సై కణం అది. తొమ్మిదిన్నర దగ్గర అప్సిలాన్, 91 దగ్గర 1983లో సెర్న్‌లో దొరికిన జెడ్ బోసాన్. ఆ కొనలు కంటికి కనబడ్డ రోజు అమ్మాయికి తనకి ఈ రంగం నిజంగా కావాలో, హిగ్స్ అన్న పేరు మాత్రమే నచ్చిందో తెలిసిపోతుంది. కొన వెడల్పు అంత ఎందుకుంది, అది కణానిదా డిటెక్టర్‌దా అన్న ప్రశ్న వచ్చిందంటే దరఖాస్తులో రాయడానికి సరుకు దొరికినట్టే.

బీటెక్ పిల్లలు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. సీఎస్ఈ వాళ్లకి సెర్న్‌లో ఓపెన్‌ల్యాబ్ పేరుతో వేరే వేసవి కార్యక్రమం ఉంది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో సెర్న్ 2011 నుంచీ పాల్గొంటోంది, అది ఇంట్లో కూర్చునే చేయొచ్చు. యాక్సిలరేటర్ల మీద ఆసక్తి ఉన్న ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్ల కోసం 1983లో పెట్టిన సెర్న్ యాక్సిలరేటర్ స్కూల్ ఉంది. అయస్కాంతం చుట్టేవాళ్లు, వాక్యూమ్ చూసుకునేవాళ్లు లేకపోతే సెర్న్‌లో కణాల్ని ఢీకొట్టించే 27 కిలోమీటర్ల యంత్రం ఎల్‌హెచ్‌సీ తిరగదు.

ఎంపిక కాకపోతే? చాలామంది కారు. సీట్లు కొన్ని, ప్రపంచం నిండా దరఖాస్తులు. మంచి విద్యార్థులే రెండుసార్లు తిరస్కరణ చూసి మూడోసారి వెళ్లడం మామూలు. వెళ్లినంత మాత్రాన శాస్త్రవేత్త అయిపోతుందనీ అనుకోవద్దు. ఈ రంగంలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ, ఆ నిజం తండ్రిగా మీకు తెలిసి ఉండటం మంచిది. పీహెచ్‌డీ తర్వాత చాలామంది డేటా, సాఫ్ట్‌వేర్, వైద్య పరికరాల వైపు వెళ్తారు, బాగానే బతుకుతారు.

ఆఖరిది, ఒక్కతే వెళ్లగలదా అన్నారు. వెళ్లగలదు. సెర్న్‌లో సమ్మర్ స్టూడెంట్‌గా ఎంపికైతే బస దొరకబుచ్చుకోవడంలో సాయం చేస్తారు, వీసాకి కావలసిన కాగితాలు పంపుతారు. సెర్న్ స్థలం స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దుకి అటూ ఇటూ ఉంటుంది. చాలామంది పిల్లలు సాన్-జెనీ అనే ఫ్రెంచి ఊళ్లో ఉండి రోజూ దేశం దాటి పనికొస్తారు. కాబట్టి ఏ దేశం వీసా అడగాలన్నది వాళ్లు పంపిన ఉత్తరంలో ఎలా ఉంటే అలాగే చేయాలి, సొంత తెలివి వద్దు. ఎంపిక ఉత్తరం రాగానే వీసా అపాయింట్‌మెంట్ తీసుకోండి, వేసవికి అవి దొరకవు. పాస్‌పోర్ట్ ఇప్పుడే చేయించండి. శాకాహారమైతే క్యాంటీన్‌లో ఏదో ఒకటి దొరుకుతుంది, రుచి గురించి మాత్రం నేను హామీ ఇవ్వను. రైస్ కుక్కర్ పట్టుకెళ్లేవాళ్లు ఉంటారు, నేను వద్దనను, ప్లగ్ పిన్ను తేడా చూసుకోమనండి. 2004లో మన దేశం బహూకరించిన నటరాజ విగ్రహం దగ్గర ఫోటో ఎలాగూ దిగుతుంది. దాని మీద వాట్సాప్‌లో తిరిగే కథలు మాత్రం నమ్మకండి.